నా బదులు డ్యూటీకి వెళ్లినవాడు

ఫోర్‌మన్ పని మానేశాక నన్ను వెతుక్కుంటూ వచ్చే కుర్రాళ్లు రెండు రకాలు. ఒకరు మిల్లుల్లో పనిచేసేవాళ్లు. ఆవిరి లైను గురించో, పంపు గురించో సలహా అడుగుతారు. రెండోవాళ్లు మా తెలుగు సంఘంలోని పిల్లలు. మంచివాడని పేరున్న మనిషికి ఏదైనా ఆపద వచ్చినప్పుడు వచ్చి కూర్చుంటారు. "అంకుల్, గంత మంచాయనకు దేవుడు గిట్ల ఎందుకు చేసిండు?" అంటారు. మిల్లు ప్రశ్నలకు నేను వెంటనే జవాబు చెబుతాను. ఈ ప్రశ్నకు ఒకప్పుడు ఇంకా తొందరగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు టీ పెట్టమని మా ఆవిడతో చెప్పి, ఈ సంగతి మొదలుపెడతాను.

పరాయి రాష్ట్రంలో, కడోదరా దగ్గర బట్టలకు రంగులు వేసే మిల్లులో నేను ఫోర్‌మన్‌ని. బాయిలరు నుంచి యంత్రాల దాకా ఆవిరి, నీళ్లు, పైపులు అన్నీ నా కింద ఉండేవి. ఆదివారం కోసాడ్ కాలనీలో ఒక కింది గదిలో మా ఆరాధన. పాస్టరుగారు దూరం నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. సంఘ పెద్దగా మిగతా ఆదివారాలు వాక్యం నేనే చెప్పేవాణ్ణి. ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. మిల్లులో నేను ఒక మాట అంటే యజమాని శేఠ్ పది వంకలు పెట్టేవాడు. ఇక్కడ నేను ఏమన్నా వెనకాలే ఆమెన్ వచ్చేది. అలవాటైతే అది మనిషిని చెడగొడుతుంది. నన్ను చెడగొట్టింది.

సంఘంలో నేను రెండు పద్ధతులు పెట్టాను. ఆరాధనకు వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరున్న బిస్కెట్ల రేకు డబ్బాలో ఫోన్లు పెట్టి లోపలికి రావాలి. ఇది మొదటిది. రెండోది పద్ధతి అనడం కన్నా బెదిరింపు అనడం సరి. ఆదివారాలు ఓవర్‌టైముకు పోయేవాళ్లు ఎక్కువై గది సగం ఖాళీగా ఉండేది. అందుకని, ఆరాధన మాని పనికి పోయేవాడి మీద దేవుడు చెయ్యి వేస్తాడని చెప్పడం మొదలుపెట్టాను. శిక్షిస్తాడని నేను అనలేదు, నిజమే. వినేవాళ్లకు రెండూ ఒకటే.

మా మిల్లులో నా కిందే పనిచేసే ఫిట్టరు ఒకడు ఆ మాటను మనసారా నమ్మాడు. వాళ్లది కూడా మా జిల్లాయే. సంఘంలో అందరికన్నా ముందు వచ్చి చాపలు పరిచేవాడు, అందరి తర్వాత మడతపెట్టి వెళ్లేవాడు. ఒకసారి సంఘమంతా డుమస్ సముద్రపు ఒడ్డుకు వెళ్లాం. అందరూ నీళ్ల దగ్గరికి పరుగెడితే ఇతను బజ్జీల బండి పక్కన కూర్చుని అందరి చెప్పులకూ, చంటిపిల్లలకూ కాపలా కాశాడు. "నువ్వు పోవా?" అంటే, "సముద్రం యాడికి పోతది అన్నా, చెప్పులైతే పోతయి" అన్నాడు. అతని భార్య పక్కనే ఉండి, "ఈయనకు సర్గంల గూడ చెప్పుల కాడనే డ్యూటీ ఇస్తరు" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. మంచివాడితో ఒక చిక్కు ఉంది. ఎవరి పని మిగిలినా వాడి నెత్తిన పెట్టడం అందరికీ అలవాటవుతుంది. నాకు మరీనూ.

ఇక అసలు సంగతి. మా మిల్లు గోడకు అవతల అదే శేఠ్‌కు ఇంకో మిల్లు ఉండేది. ఒక వానాకాలం మా బాయిలరు చెడిపోయింది. యంత్రాల్లో బట్ట సగం రంగులో ఉంది. నేను పక్క మిల్లు ఆవిరి లైనుకు ఒక పైపు తగిలించి, గోడ కిందుగా, నేల లోపలి కాలువ గుండా మా వైపు తెచ్చాను. ఆ రోజు శేఠ్ నా భుజం తట్టాడు. బాయిలరు బాగయ్యాక ఆ పైపును విప్పేయాలి, లేదా అడ్డంగా రేకు బిగించి మూసేయాలి. నేను ఒక వాల్వు తిప్పి, మూసేశానని వదిలేశాను. మళ్లీ ఎప్పుడైనా పనికొస్తుందని అనుకున్నాను. ఆ వాల్వు ముందు పాత రోలర్లు పేర్చారు. పైపు విప్పేశాననే అందరూ అనుకున్నారు; అది ఇంకా అక్కడే ఉందని నాకు తప్ప మిల్లులో ఎవరికీ తెలియదు.

చాన్నాళ్ల తర్వాత ఒక ఆదివారం అదే కాలువలో మా మెయిన్ పైపు జాయింటు మార్చాల్సి వచ్చింది. మిల్లు నడవనప్పుడే అది అవుతుంది. నన్ను నిలబడి చేయించమని శేఠ్ అన్నాడు. వాక్యం చెప్పాల్సింది నేను. శనివారం సాయంత్రం ఫిట్టరును పక్కకు పిలిచాను.

"తమ్మీ, రేపు నా బదులు నువ్వు నిలబడాలె."

"రేపు ఆదివారం గదా అన్నా. ఆదివారం పనికి పోతే దేవుడు ఊకోడని నువ్వే జెప్తివి."

"నేను వాక్యం చెప్పొద్దా మరి? దేవుని పనికోసమే గదా నిన్ను పంపేది. ఇది లెక్కలకు రాదు."

అతను తల గోక్కుని నవ్వాడు. "పెద్దవు నువ్వే అంటే ఇగ నాదేముంది. మా ఇంటామెకు మాత్రం నువ్వే జెప్పు. నా మాటైతే నమ్మది."

"బాయిలరు చల్లగైంది. లైన్ల ఆవిరి లేదు. బేఫికర్‌గ విప్పు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు పక్క మిల్లు పైపు నాకు గుర్తుకు కూడా రాలేదు. నా తల నిండా మర్నాటి వాక్యమే ఉంది.

ఆ వాక్యం ఏమిటో కూడా చెప్పాలి. దేవుడు తనవాళ్ల చుట్టూ వేసే కంచె గురించి.

పాటలు అయ్యాయి. నేను లేచి మాట్లాడటం మొదలుపెట్టాను. కాసేపటికి రేకు డబ్బాలో ఒక ఫోను అదరడం మొదలైంది. మోగకుండా పెట్టినా, రేకు మీద అదురుతుంటే గదంతా వినబడుతుంది. ఆగింది. మళ్లీ మొదలైంది. పిల్లలు అటు చూశారు. నేను గొంతు పెంచాను. ఈసారి రెండు ఫోన్లు ఒకేసారి అదిరాయి. ముందు వరుసలో కూర్చున్న ఫిట్టరు భార్య వెనక్కి తిరిగి చూసి, సగం లేచింది.

"అన్నా, ఎవలో మస్తు సార్లు చేస్తుండ్రు. జర చూసొస్త."

"కూసో చెల్లె" అన్నాను. "వాక్యం చెప్పేటప్పుడే శత్రువుకు పని పడుతది. మన చెవులు గుంజుతడు. ఎవరూ లేవద్దు."

"ఆమెన్" అన్నారు అందరూ. ఆమె కూర్చుంది. అంతసేపూ ఆమె మెడ గుమ్మం వైపే తిరిగి ఉండటం నేను చూశాను. చూసి, ఇంకా పొడుగ్గా చెప్పాను. ఆ రోజు బాగా చెప్పానని కూడా అనుకున్నాను.

అదే సమయంలో మిల్లులో జరిగింది తర్వాత తెలిసింది. కాలువ మొదట్లో ఫిట్టరు బోల్టులు వదులు చేస్తున్నాడు. లోపలి కొసన, దారి లేని వైపు, ఒడిశా నుంచి వచ్చిన ముసలి హెల్పరు పాత చెత్త తీస్తున్నాడు. పక్క మిల్లులో ఎవరో యంత్రం నడపడానికి ఆవిరి వదిలారు. నా పాత వాల్వు పూర్తిగా బిగిసి లేదు, దాన్ని ఆపలేకపోయింది. వదులైన జాయింటు నుంచి ఆవిరి బుస్సుమని కాలువ నిండా కమ్మింది. ఫిట్టరు పైకి దూకగలిగాడు. ముసలాయన ఆవిరికి అవతల ఉండిపోయాడు. లోపలి నుంచి అతని కేకలు వినబడుతున్నాయి. మా బాయిలరు చూస్తే చల్లగా ఉంది. కనబడే వాల్వులన్నీ మూసే ఉన్నాయి. ఆవిరి ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. ఏ వాల్వు తిప్పాలో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫిట్టరు నాకు ఫోన్ చేశాడు. చేస్తూనే ఉన్నాడు. వాచ్‌మన్ దగ్గరున్న ఫోను లాక్కుని, దాంతో తన భార్య నంబరుకు కూడా చేశాడు. నేను రోలర్ల వెనక అని ఒక్క మాట అంటే చాలు.

లోపలి కేకలు సన్నబడ్డాయట. ఫిట్టరు ఫోను జేబులో పెట్టి, తెల్ల బట్ట ఒక తాను లాగి నీళ్ల తొట్టిలో ముంచి, ఒంటికీ తలకూ చుట్టుకున్నాడు. వాచ్‌మన్ చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. "చాచా అందర్ హై", బాబాయి లోపల ఉన్నాడు అని మాత్రం అన్నాడట. ముసలాయన్ను తడిబట్టలో చుట్టి తన కడుపు కింద పెట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు. ముసలాయనకు కాళ్లు కొద్దిగా కాలాయి. ఫిట్టరు చేతులు, వీపు, మెడ, ముఖం ఒక పక్క ఉడికిపోయాయి.

ఆరాధన ముగిసి డబ్బా మూత తీసినప్పుడు నా ఫోను వేడిగా ఉంది.

ఆసుపత్రిలో మా మేనేజరు ఎదురొచ్చాడు. "పైపులో పాత ఆవిరి కొంచెం ఉండిపోయి ఉంటుంది మాస్టర్‌జీ, చూడకుండా విప్పాడు. ఊపర్‌వాలే కీ మర్జీ" అన్నాడు. నేను తల ఊపాను. సంఘం వాళ్లు వచ్చి, "దేవుని చిత్తం అన్నా, మనకేం తెలుస్తది" అన్నారు. దానికీ తల ఊపాను. మేనేజరూ మా సంఘమూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఆ మాట నా నెత్తిన గొడుగులా పనికొచ్చింది. మర్నాడు నేనొక్కణ్ణే రోలర్లు జరిపి, ఆ పైపు కోసేసి, కొసను మూసేశాను. ఏమిటని ఎవరో అడిగితే పాత ఇనుము అన్నాను.

తర్వాత రోజూ సాయంత్రం వార్డుకు వెళ్లి మంచం పక్కన ప్రార్థన చేసేవాణ్ణి. మొదటి రోజే అతను అడిగాడు. పెదవులు వాచి ఉన్నాయి, మాట ముద్దముద్దగా వచ్చింది.

"అన్నా, ఆదివారం తప్పిన. అందుకేనా?"

కాదు అని ఒక్క మాట చాలు. కాదంటే, మరి ఎందుకు అంటాడు. ఆ ప్రశ్నకు నేను భయపడ్డాను. "దేవుడు ప్రేమించినోళ్లనే దిద్దుతడు తమ్మీ" అన్నాను. నా జీవితంలో నేను చాలా తప్పులు చేశాను. పైపు సంగతి అతనికి చెప్పకపోవడం మరుపు, ఫోను తీయకపోవడం గర్వం. తెలిసి తెలిసి, కాలిన మనిషి మీద పోసింది మాత్రం ఈ మాట.

అతను దాన్ని కూడా నమ్మాడు. నమ్మి ఏం చేశాడో నాకు వార్డు డాక్టరు చెప్పాడు. వరంగల్ వైపు నుంచి వచ్చిన కుర్ర డాక్టరు. ఒక సాయంత్రం నన్ను కారిడార్‌లో ఆపాడు.

"మీరే కదండీ వాళ్ల పెద్ద? ఆయన తినట్లేదు. ఉపవాసమట. గుడ్డు, పాలు, జావ ఏదీ ముట్టడు. ముక్కులోంచి గొట్టం వేస్తే పీకేశాడు. కట్లు మార్చేటప్పుడు నొప్పి ఇంజక్షన్ కూడా వద్దంటున్నాడు."

"ఎందుకు?"

"దేవుడు వేసిన శిక్షట, పూర్తిగా భరిస్తేనే మాఫీ అవుతుందట. చూడండి, కాలిన ఒళ్లు మానాలంటే తిండే మందు. ఇంకొన్ని రోజులు ఇలాగే ఉంటే, ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటే మా చేతిలో ఉండదు. మీ మాట వింటాడని ఆవిడ చెప్పింది. ఎలాగైనా తినిపించండి."

నేను లోపలికి వెళ్లాను. అతని భార్య మంచం పక్కన జావ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. జావ చల్లారి పైన మీగడ కట్టింది. నన్ను చూసి, "రా పెద్దన్నా. నువ్వే జెప్పు ఈ మొండోనికి. దేవుడు, దేవుడు అంటడు. నాకైతే ఆ దేవుని పేరు తీస్తెనే కడుపు మండుతుంది. నేను ప్రార్థన బంద్ చేసిన" అంది.

ముందు నేను సులువైన దారే చూశాను. పెద్దరికం గొంతు తెచ్చుకుని, "తమ్మీ, ఇగ ఉపవాసం ఇడిచిపెట్టు. దేవుడు నిన్ను క్షమించిండు" అన్నాను.

అతను కట్ల మధ్య నుంచి ఒక కంటితో నా వైపు చూశాడు. ఆ కంట్లో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

"నీకు జెప్పిండా అన్నా? నాకైతే జెప్పలే."

నేను ఏదో అనబోయాను. అతను ఇంకోటి అన్నాడు. "చిన్నప్పటి సంది తెల్సిన పాపాలన్నీ ఒప్పుకున్న. ఇంకేం మిగిలిందో యాదికొస్తలేదు. నువ్వన్న అడుగు, నా పాపం ఏందో."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. పక్క మంచం మనిషి మూలుగుతున్నాడు. నా ముందు రెండు దారులున్నాయి. ఏదో ఒక చిన్న పాపం అతనికి అంటగట్టి, అది ఒప్పించి, జావ తాగించవచ్చు. అది పని చేసేది కూడా. ఎంత దిగజారానంటే, ఒక క్షణం ఏ పాపం బాగుంటుందా అని వెతికాను. తర్వాత ఆ వెతుకులాట ఆపేశాను. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

"నీ పాపం గాదు తమ్మీ" అన్నాను. "పక్క మిల్లు నుంచి నేనొక పైపు ఏసిన. వానల టైముల. మూసిన అనుకున్న, సక్కగ మూయలే. ఆవిరి అండ్లకెల్లి వచ్చింది. నీకు చెప్పడం మర్చిన. నువ్వు ఫోన్ చేస్తుంటే డబ్బాల అదిరింది, విన్న. విని, శత్రువు అన్న. చెల్లె లేస్తే కూసోబెట్టిన. తెల్లారి ఎవరికీ చెప్పకుండ ఆ పైపు కోసేసిన. దేవుడు నీ మీద చెయ్యి ఏయలే. అది నా చెయ్యి."

ముందు మాట్లాడింది ఆమె. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఇన్ని దినాలు ఈయన దేవుని కాళ్లు మొక్కి ఏడుస్తుంటే, నువ్వు గీ స్టూలు మీదనే కూసోని చూసినవ్ గదా అన్నా."

"చూసిన."

"కండ్లు మూసుకోని ప్రార్థన గూడ చేస్తివి."

"చేసిన."

ఆమె గిన్నె కింద పెట్టింది. "సరే, పైపు నీది, తప్పు నీది. నీకు తెల్వదు, మర్చిపోయినవ్. దేవునికి తెల్సు గదా? ఆయన చూస్తనే ఉండె గదా? నీకు పెద్ద పెద్ద వాక్యాలు వస్తయి గదా, చెప్పు."

"నాకు తెల్వది చెల్లె" అన్నాను. సంఘ పెద్దగా ఆ మాట అనడం నాకు కొత్త.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. మర్నాడు శేఠ్‌కూ మేనేజరుకూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా ఫోర్‌మన్ కుర్చీ పోయింది. ఇంకోచోట చిన్న పని చూసుకున్నాను. ఆదివారం సంఘం ముందు నిలబడి అదే చెప్పి, పెద్దరికం వదిలేశాను. కొందరు నన్ను క్షమించడానికి తొందరపడ్డారు. వాళ్లను ఆపాను. క్షమించే హక్కు వాళ్లది కాదు, ఆ భార్యాభర్తలిద్దరిది. ఫిట్టరు వేళ్లు ముడుచుకుపోయి పానా పట్టడానికి పనికిరాలేదు. ఇప్పుడు మిల్లు గేటు దగ్గర కూర్చుంటాడు. ఆరాధనలో పాట ఎత్తుకునేది అతనే. నేను ఆఖరి చాప మీద కూర్చుంటాను. నాతో మాట్లాడతాడు. మునుపటిలా కాదు. అలా ఉండాలని నేను అడగను.

పిల్లలూ, మంచివాళ్లకు కీడు ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి చెప్పగలను. దాన్ని దేవుడి మీద వేసేముందు, అక్కడ మన చెయ్యి ఉందేమో చూడాలి. ఉంటే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా ప్రశ్న మొత్తం తీరదు. ఆమె అడిగిన సగం అలాగే మిగులుతుంది. ఆ సగాన్ని ఏం చేయాలో నేను చెప్పలేను. ఆ సాయంత్రం అతను ఏం చేశాడో మాత్రం చెబుతాను.

నా మాటలు విన్నాక అతను గోడ వైపు తల తిప్పుకుని పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. కొంతసేపటికి తల ఇటు తిప్పాడు.

"అంటే దేవునికి నా మీద కోపం లేదా?"

"లేదు."

"నీకు పక్కా తెల్సా?"

"ఇదొక్కటి తెల్సు."

"గట్లయితే నేను నీ మీద కోపం చేసుకోవచ్చు" అన్నాడు. గొంతులో ఎన్ని రోజులుగానో లేని బలం వచ్చింది. "లే అన్నా. గా స్టూలు మీదికెల్లి లే. నువ్వు ప్రార్థన చెయ్యకు. నేనే చేస్త."

నేను లేచి గుమ్మం దాకా వెళ్లి అక్కడ ఆగిపోయాను. అతను కట్లు కట్టిన రెండు చేతులూ దుప్పటి మీద కొంచెం పైకెత్తాడు.

"ప్రభువా, ఇన్ని దినాలు మాఫీ అడిగిన. ఇగ సవాల్ అడుగుత. నువ్వు ఆడ ఉన్నవా, లేవా? ఉంటే ఆ వాల్వు ఎందుకు బంద్ చెయ్యలే? చాచాను దొరకబట్టే దారి చూపిస్తివి, నా చేతులు ఎందుకు కాపాడలే? నాకు జవాబు గావాలె. నువ్వు చెప్పేదాక రోజూ అడుగుత. యాడికీ పోను, నిన్ను పోనియ్య. యేసు నామంల అడుగుతున్న."

నా నోట ఆమెన్ రాలేదు. అనే హక్కు లేదనిపించింది. అతని భార్య గిన్నె చేతిలోకి తీసుకుంది. చెంచాతో మీగడ పక్కకు తీసి, జావ కలిపి, అతని నోటి దగ్గర పెట్టింది.

"ఆమెన్" అంది. "ఇగ తిను."

అతను నోరు తెరిచాడు.